లోపల పెరిగే పగులును ముందే పట్టుకోవడం ఎలా?

అనంతపురంలో పాలిటెక్నిక్ విద్యార్థులకు మెకానికల్ పాఠాలు చెబుతాను. లోహపు అలసట (పదేపదే పడే ఒత్తిడికి లోహం మెల్లగా పగలడం) గురించి చెప్పేటప్పుడు 2016 ఏప్రిల్ 29న నార్వేలో జరిగిన సూపర్ ప్యూమా హెలికాప్టర్ ప్రమాదాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. గాలిలో ఉండగానే ప్రధాన రోటర్ ఊడిపోయి, అందులోని 13 మందీ చనిపోయారు. గేరుబాక్సులో ఒక ప్లానెట్ గేరు (మధ్య గేరు చుట్టూ తిరిగే చిన్న గేరు) అలసటతో పగిలిందని దర్యాప్తులో తేలింది. 2009లో స్కాట్లండ్ తీరంలో అదే కుటుంబానికి చెందిన హెలికాప్టర్ కూలి 16 మంది పోయినప్పుడూ పగిలింది ప్లానెట్ గేరే. ఏడేళ్ల తర్వాత మళ్లీ అదే జరగడం నన్ను చాలా బాధిస్తుంది.

మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన ట్రాక్టర్ ఇరుసు ముక్కను పిల్లల చేతికిస్తాను. విరిగిన ముఖంలో ఒక వైపు నునుపుగా, వంపు గీతలతో ఉంటుంది. పగులు మెల్లగా పాకిన చోటది. మిగతాది గరుకుగా, ఒక్కసారిగా తెగినట్టు ఉంటుంది. ఇంతవరకు వాళ్లకు బాగా అర్థమవుతుంది.

చిక్కంతా తర్వాతి ప్రశ్నతోనే. హెలికాప్టర్ గేరుబాక్సు నూనెలోని లోహపు రజనును పట్టే అయస్కాంత డిటెక్టర్ ఉండి కూడా ఎందుకు హెచ్చరించలేదు? నార్వే గేరులో పగులు ఉపరితలంపై సూక్ష్మమైన గుంట దగ్గర మొదలై, లోలోపల పాకింది, రజను కొద్దిగానే రాలింది అంటున్నాను. మరి దాన్ని పట్టేదెలా అని అడుగుతున్నారు.

విమానాల నిర్వహణలో పనిచేసినవారు దయచేసి చెప్పండి: గేరుబాక్సు విప్పకుండా, కంపనాలను బట్టి ఇలాంటి పగులును నమ్మకంగా గుర్తించవచ్చా? విప్పాక అల్ట్రాసోనిక్ పరీక్ష (ధ్వని తరంగాలతో పగులును వెతికేది) సరిపోతుందా, ఎడ్డీ కరెంట్ పరీక్ష (లోహంలో పుట్టించిన విద్యుత్ ప్రవాహంతో వెతికేది) కూడా కావాలా?