ఇంటిల్లిపాదీ కలిసే రోజు ఫోటోలు: ఫోటోగ్రాఫర్‌ని పిలవాలా, మనమే తీసుకోవాలా?

జయనగర్ కోడలు
ఏప్రిల్ నాలుగో ఆదివారం మా అత్తగారి వైపు వాళ్ళందరం బెంగళూరు జయనగర్‌లో మా ఇంట్లో కలుస్తున్నాం. హిందూపురం, కదిరి, మదనపల్లె నుంచి వచ్చేవాళ్ళతో కలిపి 38 మంది. ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడదాం అంటున్నారు మా బావగారు. నేను వద్దంటున్నాను.

మూడేళ్ళ కిందట ఇలాగే కలిసినప్పుడు ఒకాయన్ని పెట్టాం. పెన్‌డ్రైవ్ నిండా ఫోటోలు ఇచ్చాడు. ఆ రోజు మా అవ్వ, వాళ్ళ చెల్లెలు వెనక వరండాలో పీటలేసుకుని గంటన్నర సేపు ఓళిగలు తట్టారు. చిన్నవ్వ పూర్ణం ఉండలు చేసి అందిస్తుంటే అవ్వ అరిటాకు మీద తడుతోంది. ఇద్దరూ వాళ్ళ చిన్నప్పటి ఊరి సంగతులు చెప్పుకుని ఒకటే నవ్వు. అది ఒక్క ఫోటోలోనూ లేదు. ఆయన హాల్లో కేకు దగ్గరే ఉన్నాడు. మరుసటి ఏడు చిన్నవ్వ పోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి ఉన్న ఫోటో మా దగ్గర గ్రూపు ఫోటో ఒక్కటే. అందులోనూ ఇద్దరూ చెరో చివర ఉన్నారు.

మన మనుషులెవరో మనకే తెలుసు. అందుకే మనమే తీసుకోవాలంటాను. మీరేమంటారు?

కోరమంగళ బాబాయి
పిలవాలనే అంటానమ్మా. మా నాన్నగారికి ఆగ్ఫా క్లిక్-3 కెమెరా ఉండేది. రోలుకు 12 ఫోటోలే, చాలా పొదుపుగా వాడేవారు. మా ఇంట్లో ఆ రోజుల ఆల్బమ్ నాలుగు సంపుటాలు ఉంది. అమ్మ, మేము, అత్తయ్యలు, ఆవు, కొత్త సైకిలు, అన్నీ ఉన్నాయి. నాన్న లేరు. ఒక ఫోటోలో మాత్రం మా కాళ్ళ ముందు నేల మీద ఆయన నీడ పడింది. ఆయన పోయాక దండ వెయ్యడానికి ఫోటో కావాలంటే ఆఫీసు గుర్తింపు కార్డులోది పెద్దది చేయించాం.

ఇంట్లో మనిషి చేతికి కెమెరా ఇస్తే ఆ మనిషి ఆ రోజు ఇంట్లో లేనట్టే. మీరు కోడలు, పైగా ఇల్లు మీది. వడ్డనా మీరే చూసుకుని ఫోటోలూ మీరే తీస్తే, ఇరవై ఏళ్ళ తర్వాత మీ పిల్లలు మిమ్మల్ని ఎక్కడ వెతుక్కుంటారు?

అడయార్ శ్యామల
ఎవరు తీసినా ముందు వేళ సంగతి చూసుకోండి. ఏప్రిల్ 24 ప్రాంతంలో మా చెన్నైలోనూ మీ బెంగళూరులోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకి నీడే పడదు. మీరు కలిసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. భోజనాలయ్యాక అందర్నీ మేడ మీదికి ఎక్కించారంటే కళ్ళున్న చోట నల్లటి గుంటలు, ముక్కు కింద మీసంలా నీడ వస్తాయి. పెద్దవాళ్ళ ముఖాలైతే మరీ పాడవుతాయి. పొద్దున టిఫిన్లు కాకముందే, ఇంటి నీడ పడేవైపు తీసెయ్యండి. చీరలు నలగవు, పిల్లలు నిద్రకి ఏడవరు, బస్సు టైమైందని ఎవరూ లేచిపోరు.

ఇక 38 మందినీ ఇరికించాలని ఫోన్లో 0.5 అని కనిపించే వెడల్పు లెన్సు వాడకండి. చివర్లో నిలబడ్డవాళ్ళ ముఖాలు పక్కకి సాగుతాయి. సాధారణంగా అక్కడ నిలబడేది కోడళ్ళే, తర్వాత బాధపడేదీ వాళ్ళే. మీరే నాలుగడుగులు వెనక్కి వెళ్ళండి. పెద్దవాళ్ళని ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, వెనక వరస గడప మీదో మెట్ల మీదో నిలబడితే చాలు.

కళ్ళు మూసుకునే బెడదకి ఒక లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు వేశారు, 2006లో ఇగ్‌నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) కూడా వచ్చింది. 20 మంది లోపు గుంపైతే మంచి వెలుతురులో మనుషుల సంఖ్యని 3తో, తక్కువ వెలుతురులో 2తో భాగించి అన్ని ఫోటోలు తీయాలి. అప్పుడు అందరూ కళ్ళు తెరిచి ఉన్నది ఒకటైనా దొరుకుతుంది. అందుకే అవ్వ పిల్లల్లో ఒక్కొక్కరి సంసారాన్నీ విడివిడిగా తీయండి. తొమ్మిది మందైతే మూడు సార్లు నొక్కితే సరి.

బసవనగుడి స్టూడియో
పదిహేనేళ్ళుగా ఇదే నా వృత్తి. జయనగర్ కోడలు గారూ, మీ ఇంటికి వచ్చినాయన తప్పు ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరు, వాళ్ళెక్కడున్నారు అని రాగానే అడగాలి. నేనైతే బంధుత్వాలన్నీ తెలిసిన ఒక పిల్లనో పిల్లాడినో నా పక్కన పెట్టమంటాను. ‘వీళ్ళిద్దరూ తోడికోడళ్ళు, పదేళ్ళ తర్వాత మాట్లాడుకుంటున్నారు’ అని ఆ పిల్ల నా చెవిలో చెబితే చాలు, మిగతాది నా పని. మీరేమో మమ్మల్ని పిలిచి, కాఫీ ఇచ్చి, హాల్లో వదిలేస్తారు.

మల్లేశ్వరం ఆడపడుచు
చెప్పకుండా తీసేవే అసలైన ఫోటోలని చాలామంది అంటుంటారు, నేను ఒప్పుకోను. పోయిన దసరాకి మా మరిది నేను పొయ్యి దగ్గర చెమటలు కారుతూ, కొంగు నడుముకి దోపుకుని ఉండగా తీశాడు. నేను చూసేలోపే అది 60 మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఉంది. ‘సహజంగా ఉంది వదినా’ అన్నాడు. ఆ రోజు నేను అయిదు వందలు పెట్టి పూలు కొని, పట్టుచీర కట్టుకుని దిగిన ఫోటో మాత్రం ఎవరూ పెట్టలేదు. మగవాళ్ళు సోఫాలో కూర్చుని ఉండగా తీసేదీ సహజమే, మేము వంటింట్లో ఉండగా తీసేదీ సహజమే. ఏది నలుగురికీ చూపించాలో మమ్మల్ని అడగండి.

జయనగర్ కోడలు
బాబాయి గారూ, మీ నాన్నగారి నీడ సంగతి మా బావగారికి చదివి వినిపించాను. ఇద్దరం ఒక మాటకి వచ్చాం. పొద్దున 8:30 నుంచి 10 దాకా ఫోటోగ్రాఫర్ వస్తాడు. పక్కన ఉండడానికి మా పెద్దమ్మాయి ఒప్పుకుంది. ఆ తర్వాత తీసేది మేమే, గంటకొకరి చొప్పున. అయినా వెనక వరండా విషయంలో నా మాట నాదే, అక్కడికి బయటి మనిషిని పంపను. అన్నీ వాట్సాప్‌లో డాక్యుమెంటుగానే పంపుకుంటాం, లేకపోతే ప్రింటు వేయించేసరికి మసకబారుతున్నాయి.

ఆడపడుచు గారి మాట విని ఈ సాయంత్రం అవ్వని అడిగాను, ఓళిగలు తట్టేటప్పుడు తీస్తాను అవ్వా అని. ‘చేతికి పిండి పెట్టుకుని ఫోటో ఏందే, చెయ్యి కడుక్కుని వస్తా, అప్పుడు తియ్యి’ అంది. నాకు కావలసిందే ఆ పిండి చేతులు. అడిగాను కాబట్టి, ఇప్పుడు ఆమెకి తెలియకుండా తీయలేను.

మల్లేశ్వరం ఆడపడుచు
తీయకండి. కడుక్కుని రానివ్వండి. ఆవిడకి నచ్చిన చీరలో, నచ్చినట్టు కూర్చోబెట్టి ఒకటి తీసి ముందు ఆవిడకే చూపించండి. మళ్ళీ పీట మీద కూర్చున్నాక ఇంకోసారి అడగండి.