జీలుగ అడిగితే పచ్చిరొట్ట విత్తనాలు ఇచ్చారు, ఈ చెట్టుని ఏ పేరుతో అడగాలి?

మందస జీడితోట:
మాది మందస దగ్గర, రెండెకరాల జీడితోట. గట్టు మీద నాలుగు జీలుగ చెట్లు పెంచాలని ఎన్నాళ్లుగానో ఉంది. చిన్నప్పుడు కొండ మీద సవరల ఊళ్లో చూసినవే, ఆకు అచ్చం చేప తోకలా ఉంటుంది, గెలలు జడల్లా కిందికి వేలాడతాయి, కల్లు తీస్తారు. మొన్న విత్తనాల షాపులో జీలుగ కావాలంటే కిలో సంచి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి విప్పితే మెంతుల్లాంటి సన్న గింజలు! నాన్న చూసి "ఇది దమ్ములో కలియదున్నే జీలుగరా" అన్నారు. రెండిటికీ అదే పేరైతే నాకు కావాల్సింది ఏమని అడగాలండీ?

విజయనగరం బోటనీ మేడం:
షాపువాళ్ల తప్పేం లేదండి. పచ్చిరొట్ట జీలుగ చిక్కుడు కుటుంబానిది, శాస్త్రీయ నామం సెస్బేనియా. మీరడిగేది తాటి, ఈత, కొబ్బరి కుటుంబంలోది, కారియోటా యూరెన్స్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు అది. కారియోటా అన్న మాట గ్రీకులో పెంకు కాయకున్న పేరు నుంచి వచ్చింది, యూరెన్స్ అంటే లాటిన్‌లో మంట పుట్టించేది. ఎందుకలా పెట్టారో పండు చేత్తో నలిపితే అర్థమైపోతుంది, గుజ్జులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, కంద తరిగితే చేతులు దురద పెడతాయే, అలాంటిదే కాకపోతే ఇంకా గట్టిగా. క్లాసులో కంద సంగతి చెప్పాక యూరెన్స్ అన్న పేరు పిల్లలెవరూ మర్చిపోలేదు.

ఎస్.కోట మొక్కలు:
మేడం చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతాను, నర్సరీలో ఉత్త కారియోటా అంటే మైటిస్ చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. అది ఆగ్నేయాసియా వర్షారణ్యాల మొక్క, అరటిలా పిలకలేసి గుబురుగా పెరుగుతుంది. మైటిస్ అంటే మెత్తనిది, సాధువైనది అని అర్థం గానీ దాని పండూ దురదే, పేరు చూసి ముట్టుకోకండి. మన జీలుగది ఒంటి మాను, కాబట్టి యూరెన్స్ అని నొక్కి అడగండి. తడి అడవుల చెట్టు కదా, మొదటి ఎండాకాలాలు నీళ్లు తప్పకూడదు. ఇంకోటి, పూత పైన మొదలై ఒక్కో గెలా కిందికి దిగుతుంది, ఆఖరి గెల పండాక మాను ఎండిపోతుంది. అందుకే నాలుగూ ఒకేసారి కాకుండా ఏడాదికొకటి నాటండి.

మందస జీడితోట:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. కారియోటా యూరెన్స్, ఒంటి మాను అని చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నా. ఈ ఏడాదికి ఒక్కటే నాటుతాను, బావి పక్కన. కిలో సంచి నాన్న నారుమడి పక్క మడిలో చల్లేశారు.