దించిన ట్రక్ క్యాంపర్ జాక్‌ల మీద ఊగకుండా ఉండాలంటే?

పికప్ ట్రక్కు మీద ఎక్కించే క్యాంపర్‌ని (పడుకోను మంచం ఉన్న చిన్న గదిలాంటిది) దించి, నాలుగు మూలల జాక్‌ల (ఎత్తు పెంచి తగ్గించే కాళ్లు) మీదే నిలబెట్టి నాలుగైదు రోజులు వాడాలి. నీళ్లు, సామాను లేకుండా బరువు 1,100 కిలోలు. ట్రక్కు బయటికి తీశాక జాక్‌లను వంతులవారీగా 5 సెంటీమీటర్ల చొప్పున దించడం, ముందు వైపు కాస్త ఎత్తుగా ఉంచడం, మెత్తటి నేలలో దిగబడకుండా పాదాల కింద ప్లైవుడ్ ముక్కలు వేయడం, ఇంతవరకూ ఇబ్బంది లేదు.

అసలు గొడవంతా ఊగుడుతోనే. లోపల ఒకరు పక్కకి ఒత్తిగిల్లినా గ్లాసులో నీళ్లు తొణుకుతాయి. జాక్ ఎంత పొడుగు బయటికి ఉంటే ఊగుడు అంత ఎక్కువ కాబట్టి, నేలకి 30 సెంటీమీటర్ల దాకా దించి ఫ్లోర్ కింద చెక్క దిమ్మెలు పేర్చాలని ఆలోచన. బరువులో ఎంత భాగం దిమ్మెల మీదికి రావాలి? అడ్డంగా పొడవాటి దుంగలు వేయాలా, మూలల దగ్గర పెడితే సరిపోతుందా? తప్పు చోట పెడితే ఫ్లోర్ కుంగుతుందేమోనని అనుమానం. క్యాబిన్ మీదికి పొడుచుకొచ్చే మంచం కింద విడిగా ఊతం కావాలా? ఇద్దరు పడుకుంటే 150 కిలోలు అక్కడే పడతాయి మరి.

రెండోది కరెంటు. ట్రక్కు కేబుల్ తీసేస్తే, ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ నుంచి ఛార్జింగ్ ఉండదు. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి. హీటర్ ఫ్యాన్ 7 ఆంపియర్లు లాగితే ఆగకుండా ఏడు గంటలు, అంతే. 200 వాట్ల సోలార్ ప్యానెల్‌తో చలికాలంలో నెట్టుకురావచ్చా?