జుకినీ, గుమ్మడి పిందెలు కొస నుంచి కుళ్ళిపోతున్నాయి, ఏం చేయాలి?

కోనసీమ పెరడు:
అమలాపురం దగ్గర పల్లెటూరండి. మిద్దె మీద 20 లీటర్ల టబ్బుల్లో టబ్బుకొకటి చొప్పున నాలుగు జుకినీ (గుమ్మడి జాతి కూరకాయ) మొక్కలు, పెరట్లో కొబ్బరి చెట్ల మధ్య రెండు గుమ్మడి పాదులు ఉన్నాయి. పిందె వేలంత అయ్యేసరికి పువ్వున్న కొస మెత్తబడుతోంది. కొన్నిటికి బూజు పడుతోంది, కొన్ని పసుపు తిరిగి ముడుచుకుపోతున్నాయి. జుకినీ కాయలు రెండు మూడు జానెడు పెరిగాక కొసన నల్లబడి అట్టలా తయారయ్యాయి. టబ్బుల్లో సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), మిగతా సగం మట్టీ గెత్తమూ. వారానికోసారి చెంచాడు యూరియా. గుడ్డు పెంకుల పొడి వేసినా మార్పు లేదు. కాల్షియం వేయాలా, బూజు మందు కొట్టాలా?

కాలువగట్టు:
ముందు ఏ మందూ కొనకండి. మీరు రాసినవాటిలో మూడు వేర్వేరు బాధలున్నాయి, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

పసుపు తిరిగి ముడుచుకునేది రోగమే కాదు, పుప్పొడి అందని పిందె. గుమ్మడి, జుకినీ పూలు తెల్లారేసరికి విచ్చుకుని ఎండెక్కేలోగా ముడుచుకుంటాయి. ముసురు పట్టిన పొద్దున తేనెటీగలు రావు. ఉదయం ఆరు, ఎనిమిది గంటల మధ్య మగపువ్వు (సన్నటి కాడ ఉంటుంది, కింద పిందె ఉండదు) కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో బొడిపెలన్నిటికీ తగిలేలా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. వాన వచ్చేలా ఉంటే, రేపు విచ్చుకునే మొగ్గలకు (కొస పసుపు పచ్చగా కనిపిస్తుంది) ముందురోజు సాయంత్రమే కాగితం పొట్లం కట్టండి. పుప్పొడి తడిస్తే పనికిరాదు. సొర, బీర పెట్టినవాళ్ళు మాత్రం ఈ పని సాయంత్రం చేయాలి, వాటి పూలు అప్పుడే విచ్చుకుంటాయి.

బూజు సంగతి వేరు. దగ్గరగా చూడండి: తెల్లటి నూగు మీద గుండుసూదులు గుచ్చినట్టు నల్లటి తలకాయలు కనిపిస్తే అది కోయెనిఫోరా అనే బూజు వల్ల వచ్చే కుళ్ళు. వాడిన రేకుల్లో మొదలై పిందెలోకి దిగుతుంది. రోజూ కొత్త పువ్వు విచ్చుకుంటుంది కనక ఈరోజు కొట్టిన మందు రేపటి పువ్వును కాపాడదు. పిందె నిలిచిందని తెలియగానే వాడిన రేకులను మెల్లగా తిప్పి తీసేయండి, రెండు చేతుల పనే. కుళ్ళిన పిందెలు పాదు దగ్గర పడేయొద్దు, గెత్తపు గోతిలోనూ వేయొద్దు. నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయండి. కొబ్బరి నీడలో మంచు తొందరగా ఆరదు, అందుకని నేలకు ఆనిన ముదురు ఆకులు కొన్ని తీసి గాలి ఆడనివ్వండి.

పందిరి మనిషి:
పైన చెప్పింది నిజమే, ఒక మాట మిగిలింది. కుళ్ళిన పిందెను అడ్డంగా కోసి చూడండి. తెల్లటి పురుగులు కదిలితే పండు ఈగ. పైన సూదిమొన బెజ్జం, దాని చుట్టూ జిగురు ఉంటాయి, కాయ వంకర తిరుగుతుంది. దానికి క్యూల్యూర్ ఎర (ఆ ఈగను రప్పించే వాసన మందు) పెట్టాలి. మామిడి తోటలకు అమ్మే మిథైల్ యూజినాల్ ఎర తెచ్చి ఈగలు పడట్లేదనేవాళ్ళు చాలామంది. అది వేరే ఈగకు. పిందెలకు కాగితం సంచి కడితే ఇంకా నయం. పురుగు పట్టినవి పాలిథిన్ సంచిలో మూతి కట్టి వారం ఎండలో పెట్టండి, పైపైన పూడిస్తే ఈగలు మళ్ళీ లేస్తాయి.

కోనసీమ పెరడు:
కోసి చూశానండి, పురుగు లేదు. నల్ల తలకాయలు మాత్రం గుమ్మడికి కనిపించాయి. మిద్దె మీదకు బోరు నీళ్ళే, కాస్త ఉప్పగా ఉంటాయి.

మిద్దెతోట రాజోలు:
ఆయ్, అయితే జుకినీ నల్లమచ్చ గుట్టు ఆ నీళ్ళలోనే ఉందండి. కాల్షియం నీటితోపాటే కదులుతుంది. ఎక్కువ ఆవిరి వదిలే ఆకులకు ఎక్కువ, కాయ కొసకు అడుగూబొడుగూ. మట్టి ఒకరోజు ఎండి మరుసటి రోజు తడిస్తే కొసకు అందదు. ఉప్పునీళ్ళూ, సరిగ్గా కడగని కోకోపీట్‌లోని సోడియం, పొటాషియం కలిసి ఇంకా అడ్డుపడతాయి. దానిపై యూరియా వేస్తే ఆకు పెరిగి, ఉన్న కాల్షియమూ ఆకులోకే పోతుంది. గుడ్డు పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందదు.

యూరియా ఆపేయండి. వాననీళ్ళో కాలువ నీళ్ళో టబ్బుకు 20 లీటర్లు మెల్లగా పోసి ఉప్పు కిందికి దింపండి. తరవాత రోజూ పొద్దున అడుగు బెజ్జాల్లోంచి చుక్కలు కారేదాకా పోయండి. సాయంత్రం వేలు రెండంగుళాలు దింపితే పొడిగా తగిలితే మళ్ళీ. పైన ఎండుగడ్డి పరవండి. లీటరుకు 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి వారానికోసారి టబ్బుకు లీటరు చొప్పున, మూడు నాలుగు వారాలు మొక్క మొదట్లో పోయండి. డీఏపీతోనో ఎప్సమ్ సాల్ట్‌తోనో ఒకే బకెట్లో కలపకండి, అడుగున గడ్డలా పేరుకుంటుంది. నల్లబడ్డ కాయ మళ్ళీ బాగుపడదు. కోసేసి, పాడైన కొస తీసి మిగతాది కూర వండుకోవచ్చు.

కాలువగట్టు:
గుమ్మడికి ఆ కాల్షియం అక్కర్లేదు. మన ఒండ్రునేలలో లోటు సాధారణంగా దానికి కాదు, నీరు దిగకపోవడమే. మొదలు చుట్టూ నీళ్ళు నిలవకుండా చిన్న కాలవ తీయండి. నేలకు ఆనిన కాయ కింద కొబ్బరి డొక్కను బోర్లించి పెట్టండి, వెల్లకిలా పెడితే వాననీళ్ళు నిలుస్తాయి. వచ్చేసారి విత్తనం అడుగెత్తు మట్టి దిబ్బ మీద పెట్టండి.