సాయంత్రమైతే పీఎస్ 5లో ల్యాగ్: వైఫై మీద ఆడేవాళ్లు ఏం చేస్తున్నారు?

రామగిరి రైడర్ (నల్లగొండ)
ఇంట్లో ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాను. ఫోనులో స్పీడు చూస్తే ఎప్పుడూ 90కి తగ్గదు. అయినా రాత్రి ఎనిమిది దాటిందంటే పీఎస్ 5 (ప్లేస్టేషన్, ఆటల పెట్టె)లో ఫుట్‌బాల్ ఆడటం నరకం. పాస్ బటన్ నొక్కితే నా ఆటగాడు రెండడుగులు వేసి, కాసేపు ఆలోచించుకుని, అప్పుడు తన్నుతాడు. ఈలోగా బంతి ఎదుటివాడి కాళ్ల దగ్గర ఉంటుంది. గోల్‌కీపర్ ఒక్కోసారి ఉన్నచోట మాయమై మరోచోట తేలుతున్నాడు.

రౌటర్ కింద హాల్లో, వీధి తలుపు పైన ఉంది. కేబుల్ ఆయన అక్కడ మేకు కొట్టి తగిలించి వెళ్లాడు. పీఎస్ 5 పై అంతస్తులో నా గదిలో. కంపెనీకి ఫోను చేస్తే ‘లైను బాగానే ఉంది, రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి’ అంటారు. ఆపి వేయడంలో నాకిప్పుడు డిగ్రీ ఇవ్వొచ్చు. అద్దె ఇల్లు, గోడలకు కన్నాలు పెట్టే సలహాలు మాత్రం వద్దు.

జడ్చర్ల జంక్షన్
అన్నా, డీఎన్‌ఎస్ మార్చి 8.8.8.8 పెట్టు. ప్లాను 300కి పెంచు. అంతే.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)
జడ్చర్ల తమ్ముడు ఏమీ అనుకోకపోతే ఒక మాట. డీఎన్‌ఎస్ పని సర్వర్ చిరునామా వెతికిపెట్టడం వరకే. ఆట మొదలయ్యాక దానికి అందులో పాత్ర లేదు. ఇక ప్లాను సంగతి: ఆట ఆడుతున్నప్పుడు వచ్చిపోయే డేటా చాలా తక్కువ, మామూలుగా ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. 100 ఉన్నవారికి 300 వల్ల పెరిగేది బిల్లే.

స్పీడు పరీక్ష ఎందుకు మోసం చేస్తుందంటే, అది కొన్ని సెకన్ల సగటు చెబుతుంది. మధ్యలో పావు సెకను ఏమీ రాకపోయినా సగటులో కలిసిపోతుంది. ఆటకు ఆ పావు సెకనే ప్రాణం. చూడాల్సింది పింగ్ (మనం పంపిన చిన్న సందేశానికి జవాబు రావడానికి పట్టే మిల్లీసెకన్లు), అది ఎంత ఊగుతోంది అనే జిట్టర్, మధ్యలో ఎన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోతున్నాయి అనేది.

రామగిరి గారూ, పింగ్ చూపించే ఉచిత యాప్ ఒకటి ఫోనులో వేసుకోండి. మీకు ల్యాగ్ వచ్చే వేళలోనే, పీఎస్ 5 పక్కన కూర్చుని, ముందు రౌటర్‌కే పింగ్ పెట్టండి. దాని చిరునామా ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. తర్వాత రౌటర్ కింద నిలబడి అదే చేయండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే మాట్లాడుకుందాం. అంతవరకు ఏమీ కొనకండి.

రామగిరి రైడర్
చూశాను అక్కా. గదిలో కూర్చుంటే 5, 6, 4, ఉన్నట్టుండి 180, మళ్లీ 7, వెంటనే 240, ఒకటి రెండు అసలు రానే లేదు. రౌటర్ కింద నిలబడితే 2, 3 మధ్యే కదలకుండా ఉంది. ఫోను, పీఎస్ 5 రెండూ ఒకే వైఫై పేరు మీద ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్‌లలో ఏ బ్యాండో తెలియదు. పీఎస్ 5 టీవీ బల్ల కింద అరలో ఉంది, దానికి బయటి హార్డ్ డిస్క్ కూడా తగిలించి ఉంది. నా గదికి, మెట్లకు మధ్య గోడకు ఆనించి అమ్మ బీరువా ఉంది.

పిల్లలమర్రి నీడ
దొంగ ఇంట్లోనే ఉన్నాడు. కంపెనీవాళ్లు ఈసారికి నిజమే చెప్పారు.

కింద నుంచి మీ గదికి సిగ్నల్ రావాలంటే కాంక్రీటు స్లాబు దాటాలి, ఇటుక గోడ దాటాలి, ఆపైన నిలువెత్తు ఇనుప బీరువా దాటాలి. ఇనుము రేడియో తరంగాన్ని లోపలికి పోనివ్వదు, వెనక్కి కొడుతుంది. బీరువా తలుపుకు నిలువుటద్దం ఉంటే దాని వెనక పూత కూడా అదే పని చేస్తుంది. మా దగ్గర పాత రాతి గోడల ఇళ్లలో ఒక్క గోడ దాటేసరికే సగం చచ్చిపోతుంది.

2.4 గిగాహెర్ట్జ్ గోడలను కొంచెం బాగా దాటుతుంది కానీ ఇరుకు. అందులో ఒకదాన్నొకటి తాకని చానెళ్లు మూడే: 1, 6, 11. రాత్రి ఎనిమిదికి వీధిలో అందరి రౌటర్లూ ఆ మూడింటిలోనే కొట్టుకుంటాయి. వైఫైలో ఒక చానెల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే రెండూ పాడై మళ్లీ పంపాలి. మీరు చూసిన 180, 240 అలా పుట్టినవే. పగలు బాగుండి రాత్రి చెడటానికి కారణమూ అదే కావచ్చు. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. మీ చేతిలోని కంట్రోలర్ బ్లూటూతే. హార్డ్ డిస్క్ యూఎస్‌బీ 3 అయితే అది చేసే రొద కూడా 2.4లోనే పడుతుంది. అరలో పెట్టి, పక్కనే డిస్క్ పెట్టి, పైన టీవీ పెడితే పాపం ఆ యాంటెన్నా ఏం వింటుంది?

5 గిగాహెర్ట్జ్‌లో చోటు విశాలం, గోడలు దాటే శక్తి తక్కువ. రౌటర్ సెట్టింగుల్లో రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టి, పీఎస్ 5ను 5కే కట్టేయండి. చానెల్ 36 నుంచి 48 మధ్య పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్నవాటిలో రాడార్ జాడ కనబడితే రౌటర్ ఆ చానెల్ వదిలి వెళ్లిపోవాలన్న నియమం ఉంది, మ్యాచ్ మధ్యలో ఆ వలస మనకెందుకు.

ఇవన్నీ ఉపశమనాలే. చికిత్స తీగ. రౌటర్ నుంచి పీఎస్ 5 దాకా క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్, గోడ పగలకుండా.

సాగర్ ఎడమకాలువ (హాలియా)
పాత పీఎస్ 4 వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. 2013లో వచ్చిన మొదటి మోడల్‌లో 5 గిగాహెర్ట్జ్ లేనే లేదు, స్లిమ్, ప్రో వచ్చాకే అది వచ్చింది. మా తమ్ముడు 5 పేరు కనబడటం లేదని రౌటర్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాడు. అలాంటివాళ్లకు తీగ తప్ప దారి లేదు. నింటెండో స్విచ్ మొదటి మోడల్ డాక్‌కు ల్యాన్ పోర్టు (నెట్ తీగ గుచ్చే చోటు) ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. 2021లో వచ్చిన ఓఎల్‌ఈడీ మోడల్ డాక్‌కు ఉంది.

మిల్లు గేటు (మిర్యాలగూడ)
అక్క చెప్పిన దానికి ఒప్పుకుంటూనే ఒకటి కలుపుతాను. మా ఇంట్లో పీఎస్ 5కు మొదటి నుంచీ తీగే. అయినా రాత్రి ఒక వేళకు ల్యాగ్ వచ్చేది. రౌటర్‌కు పింగ్ 1 దాటదు, బయటికి పెడితే 300.

చివరికి తేలిందేమిటంటే, ఇంట్లో అందరూ ఇల్లు చేరేది ఆ వేళకే. ఫోన్లు వైఫై దొరకగానే ఆ రోజు తీసిన వీడియోలన్నీ బ్యాకప్‌కు పంపడం మొదలుపెడతాయి. దానికి తోడు వాకిట్లో కెమెరా రోజంతా దృశ్యాలు క్లౌడ్‌కు ఎక్కిస్తూనే ఉంటుంది. వరికోతల కాలంలో మా మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ వరస చివర ఒకడు చేతిలో చీటీతో సైకిల్ మీద వచ్చి నిలబడ్డాడనుకోండి. వాడి పని అర నిమిషం, కానీ ముందున్న ట్రాక్టర్లన్నీ దిగేదాకా కదలలేడు. రౌటర్‌లో ఆట ప్యాకెట్ గతి అదే. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు.

మీ ఇంట్లో ఉందో లేదో చూడటం తేలిక. బయటికి పింగ్ నడుస్తుండగా ఇంకో ఫోను నుంచి పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్ పెట్టండి. పింగ్ 20 నుంచి 300కి లేచిందంటే ఇదే జబ్బు.

మందు: ఎస్‌క్యూఎం, అంటే ఆ వరసను తెలివిగా నడిపే సౌకర్యం, ఉన్న రౌటర్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రౌటర్లలో దానికి కేక్ అనే పద్ధతి ఉంటుంది. అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితులను అసలు వేగంలో 85, 90 శాతం దగ్గర పెట్టాలి. వరస అప్పుడు కంపెనీ పెట్టెలో పెరగకుండా మన రౌటర్ చేతిలో ఉంటుంది, సైకిల్‌ను ముందుకు పంపడం దాని పని. కంపెనీ ఇచ్చిన పెట్టెల్లో ఈ సౌకర్యం దాదాపు ఉండదు. అంత ఖర్చు వద్దనుకుంటే ఫోన్ల బ్యాకప్ అర్ధరాత్రికి మార్చండి, కెమెరా నాణ్యత ఒక మెట్టు తగ్గించండి. మా ఇంట్లో ముందు ఇదే చేశాం, సగం బాధ దానికే పోయింది.

వనపర్తి వాన
రిపీటర్ (వైఫై సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పెట్టె) కొనబోయేవాళ్లు ఆగండి. నేను ఒకటి కొని మెట్ల మీద పెట్టాను. సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి, ల్యాగ్ ఇంకా పెరిగింది. చవక రిపీటర్ ఒకే రేడియోతో విని, అదే రేడియోతో మళ్లీ చెప్పాలి. దారిలో ఒక మజిలీ పెరిగింది, వేగం సగం అయింది. ఇప్పుడు ఆ పెట్టె దేవుడి గదిలో ఖాళీగా ఉంది.

జడ్చర్ల జంక్షన్
మెష్ (ఇంట్లో అక్కడక్కడ పెట్టి ఒకే వైఫైగా నడిపే పెట్టెలు) అయితే బాగుంటుంది కదా? మా బాబాయి ఇంట్లో ఉంది.

పిల్లలమర్రి నీడ
రెండు మెష్ పెట్టెల మధ్య తీగ ఉంటే చాలా బాగుంటుంది. గాలిలోనే మాట్లాడుకుంటే వనపర్తి గారి రిపీటర్‌కు పెద్దన్న, అంతే. వాటి మధ్య సంభాషణకు విడిగా మూడో రేడియో ఉన్నవి కొంత నయం. ధర చూశాక మీరే తీగ కొంటారు.

గద్వాల కోట
నాది వేరే గోడు. పింగ్ బాగానే ఉంది కానీ స్నేహితుల గదిలోకి వెళ్తే మాట వినబడదు, మ్యాచ్ దొరకడానికి యుగాలు పడుతుంది. ఎక్స్‌బాక్స్‌లో నాట్ (ఒకే బయటి చిరునామాను చాలా పరికరాలకు పంచే ఏర్పాటు) రకం ‘స్ట్రిక్ట్’ అని వస్తోంది. ఇది కూడా వైఫై వల్లేనా?

మిల్లు గేటు
కాదు. రౌటర్ పేజీలో బయటి ఐపీ (నెట్ చిరునామా) చూడండి. 100.64తో మొదలై 100.127 లోపు ఉంటే మీ కంపెనీ ఒకే చిరునామాను చాలా ఇళ్లకు పంచుతోందని అర్థం. అప్పుడు మీరు రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి ఆటకు దారులు) తెరిచినా, వాటిని తనంతట తెరిచే యూపీఎన్‌పీ పెట్టినా ప్రయోజనం ఉండదు. పబ్లిక్ ఐపీ (మీ ఒక్కరికే బయటి చిరునామా) అడగండి, నెలకు కొంత తీసుకుంటారు. ముందు రౌటర్‌లో ఐపీవీ6 (కొత్త తరం నెట్ చిరునామాలు) ఉందేమో చూసి వేయండి, ఎక్స్‌బాక్స్ దాన్ని వాడుకుంటుంది. ఐపీ మామూలుదే అయితే, కంపెనీ పెట్టె వెనక మీ సొంత రౌటర్ కూడా రౌటర్‌గానే నడుస్తోందేమో చూడండి. రెండింటిలో ఒకటి రౌటర్ పని మానేసి బ్రిడ్జ్ గానో యాక్సెస్ పాయింట్ గానో మారాలి.

దేవరకొండ దారి
మా వైపు లైనుదే తప్పు అయ్యే సందర్భాలు తక్కువేమీ కాదు. ఫైబర్ స్తంభాల మీదుగా వస్తుంది, కోతులు ఉయ్యాల ఊగుతాయి. పూర్తిగా తెగితే ఎర్ర దీపం వెలుగుతుంది, అందరికీ తెలుస్తుంది. సగం విరిగితేనే చిక్కు: నెట్ ఉంటుంది, ప్యాకెట్లు రాలిపోతుంటాయి. ఫైబర్ పెట్టె పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (అందుతున్న కాంతి బలం) అని ఉంటుంది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాకా దిగిందంటే ఆ అంకె ఫొటో తీసి కేబుల్ ఆయనకు పంపండి. ‘స్లోగా ఉంది’ అంటే రారు, అంకె చెబితే వస్తారు. ఇంట్లో కూడా ఆ సన్న తీగను తలుపు సందులో నలిపి మడవకండి, లోపల గాజు.

రామగిరి రైడర్
అందరికీ ధన్యవాదాలు. ముందు డబ్బు ఖర్చు లేనివి చేశాను. బ్యాండ్లు విడదీశాను, చానెల్ 40 పెట్టాను, పీఎస్ 5ను అరలోంచి బల్ల మీదికి ఎక్కించాను, హార్డ్ డిస్క్ దూరంగా జరిపాను. బీరువా జరపాలన్న మాటకు అమ్మ చూసిన చూపు ఇక్కడ రాయలేను. రౌటర్‌కు పింగ్ 40 దాటడం అరుదైంది.

తర్వాత తీగ. ఇంటి యజమాని మేకు కొట్టినా ఊరుకోడు. అందుకని పలచటి బల్లపరుపు క్యాట్ 6 తీగ తెచ్చి, హాలు కిటికీ చువ్వల మధ్య నుంచి బయటికి తీసి, వాన నీటి గొట్టం వెంట పైకి కట్టి, నా గది కిటికీలోంచి లోపలికి లాగాను. కిటికీ తలుపు దాని మీదే మూసుకుంటోంది. ఇప్పుడు రౌటర్‌కు 1, ఆటలో 28 దగ్గర నిలబడింది. గోల్‌కీపర్ ఉన్నచోటే ఉంటున్నాడు. గోల్స్ మాత్రం అలాగే పడుతున్నాయి, దానికి తీగ లేదనుకుంటా.

పిల్లలమర్రి నీడ
బాగుంది. బయట ఉన్న భాగం ఎండకు పెళుసెక్కుతుంది, మన మే నెల ఎండ సంగతి తెలిసిందే. ఆ మేరకు పీవీసీ గొట్టం తొడగండి. 100 మీటర్ల లోపు ఎంత పొడవైనా వేగం తగ్గదు, కాబట్టి చుట్టు తిరిగినా నీడ ఉన్న గోడ వైపు నుంచి తీసుకెళ్లండి. టీవీలో గేమ్ మోడ్ వేశారా? లేకపోతే బొమ్మకు మెరుగులు దిద్దడంలో టీవీ తనవంతు ఆలస్యం కలుపుతుంది, దాన్నీ మనం నెట్ ఖాతాలో రాస్తుంటాం.

రామగిరి రైడర్
వేశాను, తేడా తెలిసింది. చివరి ప్రశ్న. మా బావ డల్లస్‌లో ఉంటాడు. అతనితో ఆడితే 250 తగ్గడం లేదు. దీనికేమైనా ఉందా?

మిల్లు గేటు
గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి, వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను. మనకూ డల్లస్‌కూ తిన్నగా గీసినా 14 వేల కిలోమీటర్ల పైమాటే, కాబట్టి 140కి తక్కువ ఎవరి తరమూ కాదు. సముద్రపు తీగలు తిన్నగా పోవు, మిగతాది ఆ చుట్టుతిరుగుడు. ఆటలో సర్వర్ ప్రాంతం ఎంచుకునే వీలుంటే ముంబయి, అమెరికా రెండూ వదిలి యూరప్ పెట్టండి. లండన్ మనకూ డల్లస్‌కూ దాదాపు సమదూరం. ఇద్దరికీ చెరిసగం ల్యాగ్ వస్తుంది, ఓడినవాడు నెట్ మీద నెపం వేయలేడు. వేసవిలో మనకు ఆదివారం ఉదయం ఏడైతే అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకు మీ వీధిలో వైఫైలు కూడా నిద్రలోనే ఉంటాయి.