గండికోట గుడిలో దేవుడు ఎక్కడికి వెళ్లాడని పాప అడిగింది, ఏం చెప్పాలి?

ప్రొద్దుటూరు ఆడపడుచు:
మాది ప్రొద్దుటూరు, పెళ్లయ్యాక బెంగళూరులో ఉంటున్నాం. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లల్ని గండికోటకు తీసుకెళ్లాం. లోయ దగ్గర ఫోటోలు అయ్యాక మాధవరాయస్వామి గుడిలోకి వెళ్లాం. మా పాపకు 9 ఏళ్లు. చెప్పులు బయటే విప్పేసి, చేతులు జోడించుకుని నేరుగా గర్భగుడి గడప దాకా పోయింది. లోపల ఏమీ లేదు, చీకటి, గబ్బిలాల వాసన. అయినా జడలో ఉన్న చేమంతి తీసి గడప మీద పెట్టి, నా వైపు తిరిగి "దేవుడు ఎక్కడికి వెళ్లాడమ్మా?" అంది. నాకు నోట మాట రాలేదు. విగ్రహం యుద్ధంలో పోయింది అని ముక్తసరిగా చెప్పి తీసుకొచ్చేశాను కానీ, ఆ జవాబు నాకే నచ్చలేదు. ఇంటికొచ్చాక కూడా రెండుసార్లు అడిగింది. దాని వయసుకు అర్థమయ్యేలా, అబద్ధం కాకుండా ఎలా చెప్పాలి? మన వైపు వాళ్లు ఎవరైనా చెప్పండి.

జమ్మలమడుగు అబ్బాయి:
అక్కా, మాకు కోట పదిహేను కిలోమీటర్లే, చిన్నప్పటి నుంచి లెక్కలేనన్ని సార్లు వెళ్లాను. చరిత్ర అడిగితే, ఆ కోట విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. తావెర్నియే అని ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి 1652లో మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకే వచ్చాడు. అంటే అప్పటికి అది ఎంత పెద్ద ఊరో చూడండి. ఇప్పుడు రంగనాథస్వామి గుడి దగ్గర నిలబడితే ధాన్యాగారం, జామా మసీదు కళ్ల ముందే ఉంటాయి, ఒకే కోటలో. యుద్ధం అన్న మీ మాట పూర్తిగా తప్పు కాదు, కానీ అంతటితో ఆపేస్తే పాప మనసులో దెబ్బ ఒక్కటే మిగులుతుంది. గుడి కట్టినవాళ్ల గురించి కూడా చెప్పండి. ఈసారి వెళ్తే మండపం స్తంభాల మీద చెయ్యి పెట్టి చూడమనండి. ఇన్ని వందల ఏళ్లు ఎండకూ వానకూ నిలిచినా అంచులు ఇంకా వేలికి తగులుతాయి.

కర్నూలు వాసి:
నా బాధ వేరే. అంత మంచి గుడి, ఒక దీపం పెట్టడానికి ఏం అడ్డం? విగ్రహం పెట్టి పూజ మొదలుపెడితే ఆ పాప అడిగే అవసరమే ఉండదు కదా. ఖాళీ గర్భగుడి చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

జమ్మలమడుగు అబ్బాయి:
అన్నా, మీ బాధ నాకూ ఉంది. కానీ పురావస్తు శాఖ పద్ధతి ఏమిటంటే, కట్టడాన్ని రక్షణలోకి తీసుకునే నాటికి పూజ జరుగుతుంటే ఆ పూజ అలాగే సాగుతుంది, అప్పటికే ఆగిపోయి ఉంటే కొత్తగా మొదలుపెట్టనివ్వరు. తాడిపత్రి రెండు గుళ్లు, లేపాక్షి, ఒంటిమిట్ట అన్నీ ఆ శాఖ రక్షణలోనే ఉన్నాయి, అక్కడ రోజూ హారతి ఉంది. నిజం చెప్పాలంటే నాకు ఈ పద్ధతి సబబే అనిపిస్తుంది. ఎవరికి తోచినట్టు వాళ్లు సున్నం కొట్టి టైల్స్ వేస్తే చెక్కడం ఏం మిగులుతుంది?

తాడిపత్రి కోడలు:
అమ్మా, చరిత్ర పెద్దయ్యాక పుస్తకాల్లో చదువుకుంటుంది, ఇప్పటికి వినాయక చవితితో చెప్పండి. పండగ పూట మట్టి బొమ్మకు ప్రాణప్రతిష్ఠ చేస్తాం, అప్పటి నుంచి ఆయన దేవుడు. పూజలు అయ్యాక ఉద్వాసన చెప్పి బొమ్మను కొంచెం కదుపుతాం, అప్పుడు ఆయన వెళ్లిపోయాడు. ఇది మీ పాప ఇంట్లోనే చూసి ఉంటుంది. గుడిలో కూడా అంతే, రాయి దానంతట అదే దేవుడు కాదు, పిలిస్తే వచ్చి ఉంటాడు. విగ్రహం భిన్నమైతే ఆ రాతికి పూజ చేయరు. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు.

ఇంకో మాట, ఆ పాపను ఒకసారి మా ఊరు తీసుకురండి. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పెన్న ఒడ్డునే. ఏట్లో చుక్క నీళ్లు లేక ఇసుక కాలుతున్న వేసవిలో కూడా లింగం దగ్గర నీళ్లు ఊరుతూనే ఉంటాయి, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి వెళ్లిన ప్రతిసారీ చూశాను. బుగ్గ అంటే ఊట, పేరే అది. ఆ నీళ్లే తీర్థం ఇస్తారు, చల్లగా ఉంటాయి. గోపురాలు పూర్తి కాలేదు, పైన ఏమీ లేదు, కింద రాయి మాత్రం నగ చెక్కినట్టు చెక్కారు. పని సగంలో ఆగిపోయిన గుడిలో పూజ ఆగలేదు, మీరు చూసిన గుడిలో పని పూర్తయి కూడా పూజ ఆగిపోయింది. రెండూ చూపించండి. మీరేమీ చెప్పనక్కర్లేకుండా దానికే తెలుస్తుంది.

పాతకడప:
నేను ముస్లింని, కడపలోనే పుట్టి పెరిగాను. మా అమ్మ ప్రతి ఉగాదికి పొద్దున్నే దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోతుంది, మా నానమ్మ కూడా పోయేది. బీబీ నాంచారి మా ఇంటి ఆడపిల్ల అని, స్వామి మాకు అల్లుడు అని నమ్మకం. పండగ పూట అల్లుడిని చూడకుండా ఉంటామా? కొబ్బరికాయ కొట్టి తీర్థం తీసుకుని వస్తారు, ఆ రోజు క్యూలో మా వాళ్లు ఎంతమంది ఉంటారో వచ్చి చూడండి. ఒంటిమిట్ట రాముడి గుడి దగ్గర కూడా ఇమాం బేగ్ అనే ముస్లిం అధికారి పేరుతో బావి ఉంది. ఈ రాముణ్ణి పిలిస్తే పలుకుతాడా అని ఆయన అడిగి, తానే పిలిచి, లోపల నుంచి "ఓ" అని వినబడితే, గుడికి ఆ బావి తవ్వించాడని చెబుతారు. పాపకు యుద్ధం గురించి చెప్పారు కదా, తప్పకుండా చెప్పాల్సిందే, దాంతో పాటు ఈ బావి గురించి కూడా చెప్పండి అక్కా. అది కూడా మన కడప జిల్లాలోదే.

ప్రొద్దుటూరు ఆడపడుచు:
అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న రాత్రి అన్నం తినిపిస్తూ తాడిపత్రి అక్క చెప్పినట్టే వినాయక చవితితో మొదలుపెట్టాను. శ్రద్ధగా విని, "నాన్న పీట జరిపాడు కదా, అలాగా?" అంది. అవునన్నాను. యుద్ధం సంగతి, కోట పోయిన సంగతి కూడా చెప్పాను. పాతకడప తమ్ముడు చెప్పిన బావి కథకు కళ్లు పెద్దవి చేసి, "ఓ" అని నాలుగుసార్లు తనే అని చూసుకుంది. అంతా అయ్యాక పడుకోబోతూ ఇంకొకటి అడిగింది. వినాయకుడిని పంపేటప్పుడు నాన్న "పునరాగమనాయ చ" అని చదివి, మళ్లీ రమ్మని దాని అర్థం అని చెప్పాడట, గండికోటలో దేవుణ్ణి పంపినవాళ్లు ఆ మాట అన్నారా అని. ఆ హడావిడిలో అన్నారో లేదో నాకు తెలియదు కన్నా, నువ్వు పెట్టిన పువ్వు మాత్రం ఆ మాటే అన్నట్టు ఉంది అని చెప్పాను.

వచ్చే నెల సెలవుల్లో ఒంటిమిట్ట, తాడిపత్రి రెండూ అనుకుంటున్నాం. అక్కా, బుగ్గ గుడిలో గర్భగుడి దగ్గరగా వెళ్లి ఊట చూడనిస్తారా, దూరం నుంచేనా? పాప ఇప్పటి నుంచే అడుగుతోంది.