చిన్న విమానం లేచిన వెంటనే కూలితే కారణం ఎలా కనిపెడతారు?

మానేరు తీరం (ప్రశ్న):
సౌందర్య గారి ప్రమాదం మీద మా ఇంట్లో మళ్లీ వాదన మొదలైంది. 2004 ఏప్రిల్ 17న ఆమె బెంగళూరు జక్కూరు నుంచి మా కరీంనగర్‌కు ఎన్నికల ప్రచారానికి బయలుదేరారు. సెస్నా 180 లేచిన కాసేపటికే దగ్గర్లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలి కాలిపోయింది. పైలట్‌తో కలిపి నలుగురు పోయారు. బరువు ఎక్కువై ఉంటుందని బాబాయి, ఇంజిన్ ఆగి ఉంటుందని నాన్న. ఇన్నేళ్లయినా ఇద్దరూ పట్టు వదలరు. అంత చిన్న విమానాల్లో సాధారణంగా బ్లాక్ బాక్స్ ఉండదంటారు. మరి కాలిన రేకులు చూసి ఎవరైనా ఏం చెప్పగలరు?

చిట్టిబాబు:
కమిటీ వేస్తారు, నెలల తరబడి నానుస్తారు, చివరికి ‘పైలట్ తప్పు’ అని రాసి చేతులు దులుపుకుంటారు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా!

రెంచి మాస్టారు:
చిట్టిబాబు గారూ, ఆయన కాదనలేకపోయినా ప్రొపెల్లర్ కాదనగలదు. విమానాల మరమ్మతు ఇంజినీరుగా హ్యాంగర్లలోనే తల నెరిసినవాణ్ణి. జక్కూరు శకలాలను నేను చూడలేదు కాబట్టి దాని కారణం జోలికి పోను. పద్ధతి మాత్రం చెబుతాను.

మొదట నాలుగు కొసలు వెతుకుతారు: ముక్కు, తోక, రెండు రెక్కల చివరలు. నాలుగూ ఒక్కచోటే దొరికితే విమానం గాలిలో విడిపోలేదన్నమాట. నేల మీద గాడి పొడుగ్గా ఉంటే ఏటవాలుగా వచ్చి పడింది. చిన్న గుంట, దాని మీదే కుప్పంతా ఉంటే దాదాపు నిలువునా దిగింది.

తర్వాత ప్రొపెల్లర్. ఇంజిన్ శక్తితో తిరుగుతూ నేలను తాకిన బ్లేడ్లు మెలితిరిగిపోతాయి, వాటి ముఖం మీద అడ్డగీతలు పడతాయి. ఇంజిన్ ఆగిపోయి ఉంటే ఒక బ్లేడు తిన్నగా మిగిలి, కిందున్నది వెనక్కి వంగుతుంది. నాన్నగారి వాదనకు తొలి పరీక్ష ఇదే. బల్బులను కూడా వదలరు. దెబ్బ తగిలే సమయానికి వెలుగుతున్న బల్బులో తీగ మెత్తబడి ఉంటుంది కనుక సాగుతుంది, ఆరిపోయి ఉన్నదైతే పుటుక్కున తెగుతుంది. మీటరు ముల్లు డయల్‌ను కొట్టుకుని అంటించిన రంగు మామూలు కంటికి ఆనకపోయినా అతినీలలోహిత కాంతిలో బయటపడుతుంది. ఇంధనం నింపిన ట్యాంకరు నుంచి కూడా నమూనా తీసి నీళ్లు కలిశాయేమో చూస్తారు.

ఇక బాబాయి గారి బరువు. 1996 ఏప్రిల్ 11న అమెరికాలోని షయాన్‌లో ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్, ఆమె తండ్రి, బోధకుడు ఎక్కిన సెస్నా 177బి లేచిన వెంటనే కూలి ముగ్గురూ చనిపోయారు. దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా దాటిన అతి చిన్న పైలట్ అనిపించుకోవాలని వాళ్ల తాపత్రయం. దర్యాప్తువాళ్లు లెక్కగడితే బయలుదేరేటప్పుడు పరిమితికి మించి 44 కిలోలు ఉన్నాయి. మొత్తం పరిమితి 1,134 కిలోలు కాబట్టి ఈ అదనం పెద్దదిగా తోచదు. కానీ ఆ విమానాశ్రయం 6,100 అడుగులకు పైన ఉంది. అక్కడి పలచని గాలిలో ఇంజిన్ బలం తగ్గుతుంది, రెక్కలకు ఎత్తే శక్తి చాలదు. పైగా ఎదురుగా ఉరుములు, వాన, ఈదురుగాలి. వేగం పడిపోయి విమానం స్టాల్ అయింది, అంటే రెక్కల మీది గాలి పట్టు తప్పింది. మలుపులో ఇది మరింత ప్రమాదకరం. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాలి తిరిగే విమానానికి తిన్నగా పోయేదానికన్నా 41 శాతం ఎక్కువ వేగం ఉంటేనే స్టాల్ తప్పుతుంది. లేచిన వెంటనే అయితే కోలుకోవడానికి కింద ఎత్తే ఉండదు.

అక్కడా పైలట్, అంటే ఆ విమానానికి బాధ్యుడైన బోధకుడి నిర్ణయమే తప్పన్నారు. అంతటితో వదల్లేదు. ఆ వాతావరణంలో ఎందుకు లేచాడని తవ్వితే, ఊపిరాడని ప్రయాణ పట్టిక, టీవీవాళ్లకు ఇచ్చిన మాటలు బయటపడ్డాయి. ఆ ఏడాదే అక్కడ చట్టం మార్చి పిల్లల చేత ఇలాంటి రికార్డు ప్రయత్నాలు చేయించడాన్ని నిషేధించారు. మన దగ్గర ఇప్పుడు ఈ పని చేసేది ఏఏఐబీ, అంటే విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ. శిక్ష వేయడం దాని పని కాదు. నివేదికలు దాని వెబ్‌సైటులో పెడతారు. ఒకటైనా చదివి, ఆ తర్వాత తిట్టండి చిట్టిబాబు గారూ.

చిట్టిబాబు:
సరే మాస్టారూ, చదువుతాను. తిట్టడం మాత్రం మాననని ముందే చెబుతున్నా.

మానేరు తీరం:
ధన్యవాదాలు మాస్టారూ. నాన్న వెంటనే ఇంకో ప్రశ్న వేశారు. ఏదైనా ప్రమాదంలో ‘విమానం గాలిలో ఉండగానే అంటుకుంది’ అని చూసినవాళ్లు చెబితే నమ్మవచ్చా?

రెంచి మాస్టారు:
వాళ్లు చెప్పింది రాసుకుంటారు, కానీ దాని మీదే ఆధారపడరు. పెద్ద చప్పుడుకు తల తిప్పేవాళ్లే ఎక్కువ. వాళ్లు చూసేసరికి మంట ఉంటుంది, అంతకుముందు నుంచే ఉందని మనసు అతికించుకుంటుంది. అందుకని మసిని చూస్తారు. ఎగురుతుండగా మండితే మసి గాలివాలుకు తోక వైపు చారలు కడుతుంది, నేల మీద మండితే పైకి పాకుతుంది. నలిగిన రేకుల మడతలు కూడా విప్పి చూడాలి. మడత లోపల మసి ఉంటే నలగకముందే అంటుకుందన్నమాట. చుట్టూ అంతా నల్లబడి, మడత లోపల మాత్రం రంగు చెక్కుచెదరకుండా ఉంటే ఆ మంట పడ్డాక వచ్చిందే.